చేతిఫోను – కంపెనీవారి వాగ్దాన కాలము



పనిముట్టును కొనునప్పుడు మన పెద్దలు రెండు ప్రశ్నలు అడుగుచుండిరి. దీని వెల యెంత? ఇది యెన్నాళ్లు మన్నును? గుంటక కొన్నను, బండిచక్రము చేయించినను, ఎమ్మిగనూరు నేతగానియొద్ద దుప్పటి కొన్నను ఈ రెండు ప్రశ్నలును తప్పక వచ్చెడివి. నేడు ఇంటింట ప్రవేశించిన స్మార్టుఫోనును కొనునప్పుడు మాత్రము మనము మొదటి ప్రశ్నతోనే తృప్తినొందుచున్నాము. రెండవ ప్రశ్నకు జవాబు ఫోనుయొక్క గాజును లోహమును చూచినందువలన తెలియదు. అది దానిని చేసిన కంపెనీవారి మాటపై ఆధారపడియున్నది. ఆ మాట యెన్ని సంవత్సరములకు ఉండవలెనో విచారించుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

ఈ విచారణ యేల?

మన బడిపిల్లలలో పలువురి తలిదండ్రులు పంటపనులు ముగిసినతోడనే సుగ్గికి పోవుదురు. ఆదోని, కోసిగి, కౌతాళము, మంత్రాలయము ప్రాంతములనుండి కుటుంబములు గుంటూరు మిరపచేలకును, బెంగుళూరు కట్టడపు పనులకును తరలుట ఈ సీమవారికి క్రొత్త సంగతి కాదు. పిల్లలు అవ్వతాతలయొద్ద నిలిచిపోవుదురు. అప్పుడు తల్లికిని బిడ్డకును నడుమ నుండు దారము ఫోను ఒక్కటియే. కూలి డబ్బు వచ్చుటయు, కుశలప్రశ్నలును, పరీక్షాఫలితమును, అన్నియు దాని ద్వారమునే జరుగును.

కొంతకాలము క్రిందట ఉరుకుంద దాపుననున్న పల్లెనుండి వచ్చు తొమ్మిదవ తరగతి బాలుడొకడు నాయొద్దకు వచ్చి, "సార్, మాయమ్మకు దుడ్లు పంపుటకు కాలేదంట. ఫోను పగులలేదు, నీళ్లలో పడలేదు. బ్యాంకువాళ్ల యాప్ మాత్రము తెరుచుకొనలేదంట" అని చెప్పెను. ఆ తల్లి సుగ్గినుండి తిరిగివచ్చిన పిమ్మట ఆ ఫోనును ఆదోనిలోని మరమ్మతు దుకాణమునకు తీసికొనిపోతిమి. దుకాణదారుడు తెరను చూచెను, బ్యాటరీని చూచెను. "ఫోను బాగున్నది సార్. కంపెనీవాళ్లు దీనికి అప్‌డేటులు నిలిపినారు. ఇంత పాతదానిలో బ్యాంకు యాప్ నడవదు. నా చేతిలో ఏమియు లేదు" అనెను. ఆ ఫోనుకు నాలుగు సంవత్సరములు మాత్రమే నిండెను. ఆ తల్లి మిరపకాయలు కోసి కూడబెట్టిన కూలితో మరియొక ఫోను కొనవలసి వచ్చెను. పగులని ఫోనును పారవేయవలసి వచ్చుట న్యాయమా అను ప్రశ్న ఆనాటినుండి నన్ను విడువలేదు.

అప్‌డేటు అనగా నేమి?

అచ్చైన పుస్తకమును తలంచుకొనుడు. పుస్తకము వెలువడిన పిదప తప్పులు కనబడినయెడల ప్రకాశకులు తప్పొప్పుల పట్టికను అచ్చువేసి పంపుదురు. కొన్ని యేండ్లకు క్రొత్త అధ్యాయములు చేర్చి రెండవ కూర్పును వెలువరింతురు. ఫోను అప్‌డేటులును ఈ రెండు విధములే. ఫోనునందు పనిచేయు సాఫ్టువేరు కోట్లకొలది అక్షరములతో వ్రాయబడినది. మనుష్యులు వ్రాసినది గనుక దానియందు తప్పులుండును. ఆ తప్పులగుండా దొంగలు చొరబడకుండ మూయు మరమ్మతులు మొదటి విధము. వీనిని భద్రతా అప్‌డేటులందురు. క్రొత్త రూపమును క్రొత్త సౌకర్యములును తెచ్చు కూర్పు రెండవ విధము. ఆండ్రాయిడు 13, 14, 15 అని మీరు వినునవి ఇట్టి కూర్పులు. క్రొత్త కూర్పు లేకున్నను కొంతకాలము జరుపుకొనవచ్చును. తప్పొప్పుల పట్టిక రాకున్నచో మాత్రము అపాయము కలుగును. ఈ భేదమును మీరు బాగుగా జ్ఞాపకముంచుకొనవలెను. మన తీర్పు దీనిపై నిలుచును.

మరమ్మతు వచ్చు మార్గము

ఆండ్రాయిడు ఫోనునకు మరమ్మతు మూడు చేతులు దాటి వచ్చును. ఆండ్రాయిడును నడుపు గూగులు కంపెనీవారు తప్పును దిద్ది ప్రకటింతురు. ఫోనుయొక్క మెదడువంటి చిప్పును చేయు క్వాల్‌కామ్, మీడియాటెక్ మొదలగు కంపెనీలవారు తమ భాగమును సరిచూచి యిత్తురు. కడపట ఫోనును అమ్మిన కంపెనీవారు తమ ఒక్కొక్క మాదిరికి దానిని అమర్చి, పరీక్షించి పంపుదురు. ఈ మూవురిలో ఎవరు నిలిపివేసినను ఫోనునకు అందవలసినది అందదు. ఈ ప్రయాణమును సులువు చేయుటకై గూగులువారు 2017లో ఆండ్రాయిడు 8తో ట్రెబుల్ అను ఏర్పాటును ప్రవేశపెట్టి, ఆండ్రాయిడు భాగమును చిప్పునకు సంబంధించిన భాగమునుండి వేరుపరచిరి.

మరమ్మతు రానియెడల

2015 జూలైలో స్టేజ్‌ఫ్రైట్ అను పెద్ద లోపము ఆండ్రాయిడునందు బయలుపడెను. దొంగ పంపిన ఒక్క వీడియో సందేశముతోనే ఫోను వాని వశమగుటకు అవకాశముండెను. ఆ కలతవలననే 2015 ఆగస్టునుండి గూగులువారు నెలనెలకు భద్రతా ప్రకటనలు వెలువరింప మొదలిడిరి.

మన రాష్ట్రమునందలి సంగతి యొకటి వినుడు. 2017 మేలో వాన్నక్రై అను దుష్ట సాఫ్టువేరు లోకమంతట వ్యాపించి కంప్యూటర్లలోని దస్త్రములకు తాళము వేసి ధనము అడిగెను. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలో ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి కంప్యూటర్లు కొన్ని దాని వాతబడెను. ఆ లోపమునకు మైక్రోసాఫ్టువారు రెండు నెలల ముందే, అనగా 2017 మార్చిలో, మరమ్మతును విడుదల చేసియుండిరి. దానిని పెట్టుకొననివారు నష్టపడిరి. విండోస్ ఎక్స్‌పీ అను పాత కూర్పునకు మాత్రము 2014 ఏప్రిల్ 8తో ఆదరణ ముగిసినందున మార్చిలో అందరికివలె మరమ్మతు రాలేదు. లోకము గగ్గోలుపెట్టిన తరువాత, మేలో, ఆ కంపెనీవారు ఆచారమును విడిచి దానికిని మరమ్మతును పంపిరి. ఇందు రెండు పాఠములున్నవి. మరమ్మతును పంపుట చేసినవారి ధర్మము. పంపినదానిని పెట్టుకొనుట వాడువారి ధర్మము.

శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్నస్వామి క్షేత్రమునకు ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకములనుండి వచ్చు జనసమూహమును మీరు చూచియుందురు. నేడు కొబ్బరికాయ కొన్నను, బొరుగులు కొన్నను ఫోను చూపి డబ్బు చెల్లించువారు ఎందరో! అనగా ఫోను మన డబ్బుసంచియైనది. తిరునాళ్ల గుంపులో మూతి విప్పిన సంచిని భుజమున వ్రేలాడవేసికొని నడచువానికిని, మరమ్మతులు నిలిచిన ఫోనుతో బ్యాంకు వ్యవహారము చేయువానికిని భేదము స్వల్పము.

కంపెనీలు చేసిన వాగ్దానములు

2015 ఆగస్టులో గూగులువారు తమ నెక్సస్ ఫోనులకు క్రొత్త కూర్పులు 2 సంవత్సరములును, భద్రతా మరమ్మతులు 3 సంవత్సరములును ఇత్తుమనిరి. లేదా తమ దుకాణమున అమ్మకము నిలిచిన తరువాత 18 నెలలు, ఏది యెక్కువయైన అంతవరకు మరమ్మతులిత్తుమని చెప్పిరి. 2021లో వచ్చిన పిక్సెల్ 6కు భద్రతా మరమ్మతులు 5 సంవత్సరములని చెప్పిరి. 2023లో పిక్సెల్ 8కు అది 7 సంవత్సరములయ్యెను. 2024 జనవరిలో శామ్‌సంగువారును గెలాక్సీ ఎస్24 ఫోనులకు 7 సంవత్సరములు ఇత్తుమనిరి. ఆపిల్‌వారు 2013లో విడుదల చేసిన ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిలోకూడ భద్రతా మరమ్మతును పంపిరి. హాలండు దేశమునందలి ఫెయిర్‌ఫోన్ అను చిన్న కంపెనీవారు 2015లో అమ్మిన తమ రెండవ ఫోనును 2023వరకు నిలిపి, గొప్ప కంపెనీలకు సాధ్యముకాదన్న పని సాధ్యమేయని చూపిరి.

ఇవి సంతోషింపదగిన మాటలే. అయితే వీనిలో అధికభాగము వెలగల ఫోనులను గూర్చినవి. తక్కువ వెల ఫోనులలో అనేకమునకు వాగ్దానము రెండు మూడు సంవత్సరములకు మించకుండెను. 2024లో శామ్‌సంగువారు తమ సామాన్య ఫోనైన గెలాక్సీ ఏ16కు 6 సంవత్సరములు చెప్పుట మంచి మార్పు. అయినను లోకరీతి యెట్లున్నదో ఆలోచింపుడు. ధనవంతుడు తన ఫోనును రెండేండ్లకు మార్చును. వానికి దీర్ఘవాగ్దానము లభించును. బీదవాడు కొన్న ఫోను మొదట తండ్రిచేతిలో, పిదప తల్లిచేతిలో, తుదకు బిడ్డచేతిలో ఆరేడు సంవత్సరములు తిరుగును. వానికి హ్రస్వవాగ్దానము లభించును. ఎవనికి కాలము ఎక్కువ కావలెనో వానికే తక్కువ దొరకుచున్నది.

ఎన్నటినుండి లెక్కింపవలెను?

వాగ్దానమును చదువునప్పుడు సంవత్సరముల సంఖ్యతోబాటు లెక్క మొదలగు దినమునుకూడ చూడవలెను. సాధారణముగా కంపెనీవారు ఆ మాదిరి విపణియందు మొదట విడుదలయైన దినమునుండి లెక్కింతురు. మనము కొన్న దినము వారి లెక్కలోనికి రాదు. రెండు సంవత్సరముల వాగ్దానముగల ఫోనును విడుదలయైన 18 నెలలకు వెల తగ్గినదని కొన్నవానికి మిగులునది 6 నెలలే. వెల తగ్గువరకు కాచుకొనువారు ఎవరో మీకు తెలియును.

దీనికి మన రాష్ట్రమునందే ఉదాహరణము కలదు. 2015 ఆగస్టు 10న విశాఖపట్టణమునందు షావోమీ కంపెనీవారు రెడ్‌మీ 2 ప్రైమ్ అను ఫోనును విడుదల చేసిరి. అది ఆనాటి చిత్తూరు జిల్లా, నేటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీయందు ఫాక్స్‌కాన్ కర్మాగారమున కూర్చబడినది. తెలుగుగడ్డపై తయారైన ఫోనని మనమందరము గర్వించితిమి. అయితే అది వచ్చునప్పుడు దానియందుండినది 2013లో వెలువడిన ఆండ్రాయిడు 4.4 కూర్పు. అప్పటికే 2014లో ఆండ్రాయిడు 5 వెలువడియుండెను. పెట్టె క్రొత్తదైనను లోని సాఫ్టువేరు వయస్సు దాదాపు రెండేండ్లు. గూగులువారు 2023 ఆగస్టులో 4.4 కూర్పునకు తమ ప్లే సేవలను నిలిపివేసిరి. ఫోనుయొక్క ఆయుస్సు మనము పెట్టెను విప్పిన దినమున ఆరంభము కాదని దీనివలన తెలియుచున్నది.

బడికి సంబంధించిన ఉదాహరణము మరియొకటి. 2022 డిసెంబరు 21నుండి మన రాష్ట్రప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా ట్యాబులు పంచిపెట్టిరి. ఎనిమిదవ తరగతి బాలిక పదవ తరగతి ముగించువరకు దానికి భద్రత కావలెను. తరువాత ఇంటర్మీడియటు రెండేండ్లు, ఆపైన తమ్ముని చదువు. లక్షలకొలది ఒక్కసారి కొను ప్రభుత్వము బేరమాడునప్పుడు వెలతోకూడ మరమ్మతుల కాలమును అడిగినయెడల కంపెనీవారు వినకపోరు.

చట్టములు చెప్పునది

హాలండునందు వినియోగదారుల సంఘమువారు 2016లో శామ్‌సంగు కంపెనీపై వ్యాజ్యెము వేసిరి. ఫోను విడుదలయైన దినమునుండి 4 సంవత్సరములు, లేక అమ్మిన దినమునుండి 2 సంవత్సరములు అప్‌డేటులు ఇయ్యవలెనని వారి కోరిక. 2018 మేలో న్యాయస్థానము దానిని త్రోసివేసెను. అయినను ప్రశ్న చావలేదు. బ్రిటనులో 2024 ఏప్రిల్ 29నుండి అమలునకు వచ్చిన చట్టము, భద్రతా మరమ్మతులు కనీసము ఎంతకాలము ఇచ్చెదరో అమ్మువారు ముందుగా ప్రకటింపవలెనని విధించెను. ఇన్ని యేండ్లని మాత్రము నియమింపలేదు. ఐరోపా సమాఖ్యవారు మరియొక మెట్టు ఎక్కిరి. 2025 జూన్ 20నుండి అక్కడ విపణికి వచ్చు ఫోనులకు, ఆ మాదిరియొక్క అమ్మకము నిలిచిన తరువాత 5 సంవత్సరములవరకు, కంపెనీ వెలువరించు అప్‌డేటులు ఉచితముగా దొరకవలెను. లెక్క కడపటి అమ్మకమునుండి మొదలగుటయే ఈ నియమమునందలి గొప్ప విశేషము.

మన దేశమున కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖవారు 2022 డిసెంబరులో మరమ్మతు హక్కునకై ఒక పోర్టలును తెరచిరి. ఫోనులు మొదలగు వస్తువులకు మరమ్మతు సూచికను ఏర్పరచుటకు నియమింపబడిన సంఘము 2025లో తన నివేదికను సమర్పించెను. విడిభాగములు దొరకుటతోబాటు సాఫ్టువేరు అప్‌డేటులనుకూడ లెక్కలోనికి తీసికొనవలెనని అందు సూచింపబడినది. ఇది మంచి ఆరంభము.

కంపెనీవారి పక్షము

ఒక పక్షమునే విని తీర్పు చెప్పుట తగదు. కంపెనీవారి మొదటి మాట యిది: ప్రతి మాదిరికిని మరమ్మతును అమర్చి పరీక్షించుటకు పనివారు కావలెను, వ్యయమగును, చవుక ఫోనుపై లాభము స్వల్పము. ఈ మాట నిజమే. వ్యయము కొంత వెలలో చేరినను కొనువాడు తెలిసి చెల్లించును. నాలుగేండ్లకు మరియొక ఫోను కొనుటకంటె అది మేలు. ఏడాదికి పదులకొలది మాదిరులను విడుదలచేయుట మాని, కొన్నిటినే చేసి చక్కగా పోషించినయెడల వ్యయము తగ్గును.

వారి రెండవ మాట: పాత చిప్పు క్రొత్త కూర్పులను మోయజాలదు. ఇదియు కొంత నిజమే. కాని మనము ముఖ్యముగా అడుగునది తప్పొప్పుల పట్టికను. అది గొప్ప బరువు కాదు.

మూడవ మాట: నాలుగేండ్లకు బ్యాటరీయే క్షీణించును, ఏడేండ్ల మరమ్మతులు ఎవరికి? ఇక్కడనే అసలు సంగతి యున్నది. బ్యాటరీ పోయినచో ఆదోనిలో క్రొత్తది వేయింపవచ్చును. తెర పగిలినచో ఎమ్మిగనూరులో మార్పింపవచ్చును. సైకిలు చక్రమును, కుట్టుమిషనును, మగ్గమును మన ఊరి పనివాడు బాగుచేయగలడు. సాఫ్టువేరు తాళము మాత్రము చేసిన కంపెనీవారి చేతిలోనే యున్నది. ఎంత నేర్పరియైన మరమ్మతుదారుడును దానిని దిద్దజాలడు. ఇతరులు బాగుచేయకుండ తాళపుచెవిని తనయొద్దనే ఉంచుకొన్నవాడు, బాగుచేయు భారమునుకూడ తానే వహింపవలెను. అది వాని దయ కాదు, ఋణము.

మన తీర్పు

ఇంతవరకు విచారించినదానినిబట్టి నాకు న్యాయముగా తోచునవి నాలుగు.

1. భద్రతా మరమ్మతులు, ఫోను వెల యెంతయైనను, ఆ మాదిరియొక్క కడపటి అమ్మకమునుండి కనీసము 5 సంవత్సరములు ఇయ్యవలెను. ఒక మాదిరి రెండేండ్లు అమ్ముడుపోయినచో ఇది విడుదలనుండి 7 సంవత్సరములగును. వెలగల ఫోనులకు ఇప్పటికే ఇచ్చిన మాటకు ఇది మించినది కాదు.

2. క్రొత్త కూర్పుల విషయమై కంపెనీవారికి స్వేచ్ఛ నియ్యవచ్చును. బ్యాంకు యాప్‌లు మొదలగు అవసరమైనవి పనిచేయుటకు చాలినన్ని ఇచ్చిన చాలును.

3. మందుబిళ్లల అట్టపై గడువు నెల అచ్చగునట్లు, ఫోను పెట్టెపైకూడ "ఈ ఫోనునకు భద్రతా మరమ్మతులు ఇంత నెల, ఇంత సంవత్సరమువరకు" అని తెలుగులోను, ఆయా రాష్ట్రముల భాషలలోను అచ్చువేయవలెను. సంవత్సరముల సంఖ్య మాత్రము చెప్పి లెక్కను కొనువానికి విడిచిపెట్టరాదు.

4. గడువు ముగియుటకు ఆరు నెలల ముందుగా ఫోనునందే తెలియజేయవలెను. ముగిసిన పిదప, ఇతరులు మరమ్మతు చేయ దలచినయెడల తాళము తీయుటకు అనుమతింపవలెను.

మనము చేయవలసినవి

విద్యార్థులారా, కంపెనీవారి ధర్మమును గూర్చి మాటలాడి మన ధర్మమును మరువరాదు. మీ యింటి ఫోనునందు సెట్టింగులు తెరచి, ఫోనును గూర్చి తెలుపు భాగమున భద్రతా మరమ్మతుయొక్క తేదీని చూడుడు. అప్‌డేటు వచ్చియున్నచో వెంటనే పెట్టుడు. పాత ఫోను కొనునప్పుడు గీతలు చూచినట్లే ఆ తేదీనికూడ చూడుడు. గడువు ముగిసిన ఫోనును పాటలకును, పాఠములకును వాడుకొని, బ్యాంకు వ్యవహారములకు వాడకుడు. మీ యవ్వతాతలకును, సుగ్గికి పోవు మీ తలిదండ్రులకును ఈ సంగతిని విప్పిచెప్పుడు. చదువుకొన్నవాని చదువు ఇంటికి దీపమగుట ఇట్టి పనులయందే.

గోపురము మొదలుపెట్టి ముగింపలేకపోయినవానిని గూర్చిన సువార్త ఉపమానమును మీరెరుగుదురు. వాగ్దానము చేయువాడు మొదటనే వ్యయమును లెక్కించుకొనవలెను. చేసిన పిదప దానిని తుదివరకు నెరవేర్పవలెను. ఈ న్యాయము కూలివానికిని, కోట్లకధిపతియైన కంపెనీకిని ఒక్కటియే. మిరపచేలో నిలిచి తన బిడ్డకు డబ్బు పంపు తల్లి చేతిలోని ఫోను, ఆమె కష్టార్జితమునకు కావలియుండవలెను. అంతకాలము దానిని కాపాడెదమని చెప్పి కాపాడు కంపెనీయే మన నమ్మకమునకు పాత్రమైనది.

అభ్యాసము

1. భద్రతా మరమ్మతునకును క్రొత్త కూర్పునకును గల భేదమును తప్పొప్పుల పట్టిక ఉపమానముతో వివరింపుడు.

2. ఒక మాదిరి ఫోను 2024 జనవరిలో విడుదలయ్యెను. విడుదలనుండి 4 సంవత్సరములు మరమ్మతులని వాగ్దానము. మీ మామ దానిని 2026 జూలైలో కొనినయెడల ఎన్ని నెలల భద్రత మిగులును? ఆ మాదిరి అమ్మకము 2026 డిసెంబరులో నిలిచి, లెక్క కడపటి అమ్మకమునుండి 5 సంవత్సరములైనచో ఎప్పటివరకు ఉండును?

3. మీ యింటనున్న ఫోనులు ఎన్ని? ఒక్కొక్కటి యెన్ని చేతులు మారినది? దాని భద్రతా మరమ్మతుయొక్క తేదీ ఏది? పట్టిక వ్రాసి తరగతికి తెండు.